ధనుర్మాసంలో దివిసీమకు

తెల్లవారుజామున అయిదున్నర గంటలకు బందరు కోనేరు సెంటరులో పదకొండు మోటారు సైకిళ్ళు ఒక్కసారిగా మోగితే ఎలా వుంటుందో తెలుసుకోవాలంటే అక్కడి టీ కొట్టాయన్ను అడగాలి. "గుళ్ళో తిరుప్పావై కూడా వినపడకుండా యీ చప్పుడేమిటండీ బాబూ!" అని విసుక్కుంటూనే ఆయన పదకొండు గ్లాసులూ నింపాడు. విసుగంతా చప్పుడు మీదే గాని బేరం మీద కాదు.

మా సంఘానికి పేరు లేదు. అధ్యక్షుడు లేడు, చందా లేదు, నిబంధనావళి అసలే లేదు. ఏడాదికి ఒకసారి, కోతలైన తర్వాత ధనుర్మాసంలో ఒక ఆదివారం చూసుకుని, బందరులో బయలుదేరి గుడివాడ మీదుగా దివిసీమ కొసదాకా పోయి దీపాలు పెట్టేవేళకు తిరిగి రావడమే మా కార్యక్రమమంతా. మొత్తం దాదాపు రెండు వందల కిలోమీటర్లు. ఒక డాక్టరు గారు, ఒక లెక్కల మేష్టారు, ఇద్దరు రొయ్యల చెరువుల వాళ్ళు, ఒక మెకానిక్కు, బ్యాంకులో పనిచేసే ఒక అమ్మాయి, తక్కినవాళ్ళు కుర్రకారు. అందరికంటే పెద్దవాడు అరవై తొమ్మిదేళ్ళ ఒక ఆసామి. ఆయన్ని మేమంతా "పెద్దాయన" అనే పిలుస్తాం. ఆయన బండి ఆయనకంటే ఓ పాతికేళ్ళే చిన్నది.

ఇక నా సంగతి. అందరివీ బుల్లెట్లూ జావాలూ అయితే నాది వంద సీసీల బండి. పాలవాళ్ళు రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని పోతుంటారే, ఆ జాతి. అందుకని నన్ను అందరికంటే వెనక నడవమన్నారు. గౌరవంగా దానికి "ఆఖరి బండి బాధ్యత" అని పేరు పెట్టారు. ఎవరైనా ఆగిపోతే చూసుకోవడం నా పనట. తీరా ఆ రోజు పడిపోయింది నేనే. ఆ కథ ముందున్నది.

చలికాలంలో మోటారు సైకిళ్ళ మీద షికారు అనే వేడుక మన ఒక్కరిదే కాదు. జర్మనీలో 1956లో ఎర్నెస్ట్ లెవెర్కస్ అనే పత్రికా రచయిత జనవరి చలిలో తనవంటి బండ్లవాళ్ళను కొద్దిమందిని పిలిచి ఒక సమావేశం పెట్టాడు. వాళ్ళ దగ్గర వున్నది త్సుండాప్ అనే కంపెనీవారి భారీ బండి. దాని ఆకుపచ్చ రంగు వల్ల జనం దాన్ని "పచ్చ ఏనుగు" అని పిలిచేవారు. అందుచేత ఆ సమావేశానికి కూడా ఏనుగుల పేరే స్థిరపడింది. ఆనాడు చిన్న గుంపు. యీనాడు బవేరియా అడవుల్లో మంచు మీద డేరాలు వేసుకుని వేలమంది చేరుతున్నారు. నీరు గడ్డకట్టే చలిలో డేరాలో పడుకోవడం వాళ్ళకు సరదా! మనకు ఆ బాధ లేదు. కృష్ణా డెల్టాలో చలికాలమంటే బండి ఎక్కినవాడికి దేవుడిచ్చిన కాలం. వేసవిలో తారు కరుగుతుంది, వానాకాలంలో రోడ్డే కరుగుతుంది. మిగిలింది యీ రెండు మూడు నెలలే గదా.

కాని బయలుదేరడానికి ముందే ఒక చిక్కు వచ్చింది.

పెద్దాయన బండి పాతకాలపు బుల్లెట్టు. దానికి బటను నొక్కితే కదిలే నైజం లేదు. ముందు కిక్కును నెమ్మదిగా తొక్కుతూ, ట్యాంకు ముందున్న ఆమ్మీటరు ముల్లు సరిగ్గా మధ్యకు వచ్చేదాకా చూడాలి. అప్పుడు ఎడమచేతి దగ్గరున్న డీకంప్రెషన్ లీవరు పట్టుకుని పిస్టను కొంచెం దాటించాలి. లీవరు వదలాలి. ఆ తర్వాత ఒక్క ఊపులో బరువంతా వేసి తన్నాలి. వరస తప్పితే అది మనల్నే వెనక్కు తంతుంది. చీలమండ వాచినవాళ్ళను నేను చూశాను. పెద్దాయన నలభై ఏళ్ళకు పైగా దాన్ని ఒక్క తన్నుతో లేపుతున్నాడు. ఆ రోజు మూడుసార్లు తన్నాడు, లేవలేదు. నాలుగోసారి కాలు ఎత్తి ఆగిపోయాడు. మోకాలు పట్టేసింది. చలిలో కూడా ఆయన నుదుటి మీద చెమట కనిపించింది.

మాకెవరికీ ఏమనాలో తోచలేదు. "నా కారులో వద్దురు గాని, మామయ్యగారూ," అన్నాడు డాక్టరు. ఆయన చీకట్లోకి చూస్తూ, "కారులో పోవడానికైతే పదకొండింటికి బస్సున్నదిగా," అన్నాడు.

అప్పుడు బ్యాంకు అమ్మాయి తన బండి స్టాండు వేసి వచ్చింది. "తాతగారూ, ముల్లు చూసి చెప్పండి, నేను తంతాను," అన్నది. చూడబోతే మనిషి బక్కపలచన. కుర్రాళ్ళు నవ్వాపుకున్నారు. పెద్దాయన ఆమ్మీటరు మీదకు వంగి, "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ, అక్కడాపు... లీవరు వదులు... కానీ!" అన్నాడు. ఒక్క తన్నుకు బండి లేచింది. కుర్రాళ్ళు నవ్వడం మానేశారు.

బుల్లెట్టు కథ కూడా విచిత్రమైనదే. పుట్టిల్లు ఇంగ్లండులోని రెడిచ్. మన సైన్యం సరిహద్దు పహరాకు దాన్ని ఎంచుకోవడంతో 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా వెలిసింది. తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ వచ్చింది. కొన్నేళ్ళకు పుట్టింట్లో కంపెనీ మూతపడింది. అత్తింట్లో మాత్రం యీనాటికీ బండ్లు తయారవుతూనే వున్నాయి. జావా కూడా అంతే. చెకోస్లోవేకియాలో పుట్టి, మైసూరులో పెరిగి, యెజ్డీ అని పేరు మార్చుకుని, 1996లో ఫ్యాక్టరీతో పాటు ఆగిపోయింది. యీ మధ్య రెండు పేర్లూ మళ్ళీ కొత్తగా వచ్చాయి గాని, మా మెకానిక్కు వాటిని ఒప్పుకోడు. "అది జావా కాదండీ, జావా బొమ్మ వేసిన ఇంకో బండి," అంటాడు.

పెడన చేరేసరికి ఆరు దాటింది. మంచు ఎలా వున్నదంటే ముందు బండి వెనక ఎర్రదీపం తప్ప మనిషి కనిపించడు. కుడి పక్కనో ఎడమ పక్కనో తెలియకుండా ఎక్కడో రైలు కూసింది. యీ రోడ్డూ గుడివాడ రైలుమార్గమూ చాలా దూరం తోడుగా నడుస్తాయి. పెడన అంటే కలంకారీ. కరక్కాయ కషాయంలో ముంచిన గుడ్డ మీద చెక్క అచ్చులతో పూలూ నెమళ్ళూ అద్ది, కాలువలో పారే నీటిలో జాడించి ఆరవేసే పని ఇక్కడ తరతరాలుగా సాగుతున్నది. నిలవ నీరు పనికిరాదట. వదిలిన రంగు మళ్ళీ గుడ్డకే అంటుకుంటుంది. కాలువ కట్టేసిన రోజుల్లో అందుకే అద్దకం వాళ్ళ ముఖాలు కూడా వెలవెలబోతాయి.

పెడన దాటాక ఒక విశేషం జరిగింది. మంచులోంచి ఎదురుగా ఒక స్కూటరు వచ్చింది. దాని మీద నెత్తిన అక్షయపాత్ర, మెడలో పూలదండ, నుదుట నామాలు, భుజాన తంబురతో హరిదాసు గారు! ముందు చిన్న మైకు, అందులోంచి హరినామం. ఊరూరూ నడిచి తిరగడం ఇప్పుడు ఎవరివల్ల అవుతుంది? ఒక్క పూటలో నాలుగు ఊళ్ళు చుట్టాలంటే స్కూటరే శరణ్యం. నేలకు వంగి బియ్యం పోయించుకోవడం మాత్రం మానలేదు. స్కూటరు దిగి, మోకాళ్ళ మీద వాలి, పిల్లల చేత పోయించుకుని, మళ్ళీ ఎక్కుతారు. మా పదకొండు బండ్లనూ చూసి ఆయన చిడతలు ఎత్తి ఆశీర్వదించారు. మా సంఘంలో పన్నెండో సభ్యత్వం ఖాళీగానే వున్నదని చెప్పాలనుకున్నాను గాని, అప్పటికే ఆయన మంచులో కలిసిపోయారు.

యీ డెల్టా రోడ్లను గురించి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఇక్కడ రోడ్డు తన ఇష్టప్రకారం నడవదు. కాలువ నడిచినట్టు నడుస్తుంది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు తవ్వారు. తవ్విన మట్టి గట్టు అయింది. గట్టు మీద ఎడ్లబండ్లు నడిచి బాట అయింది. ఆ బాట మీదే తర్వాత తారు పడింది. కాలువ వంకర తిరిగితే రోడ్డూ తిరగవలసిందే. నిదానంగా పోతున్న రోడ్డు లాకుల దగ్గర హఠాత్తుగా మెడ తిప్పినట్టు తిరుగుతుంది. తిరగనివాడు నీళ్ళలో తేలతాడు. దానికి తోడు కింద వున్నది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. ఎంత బాగా వేసిన రోడ్డయినా రెండేళ్ళకు అలలు తేలుతుంది. ఆ అలల మీద బుల్లెట్టు ఏనుగులా ఊగుతూ పోతుంది. నాబోటి బండి కప్పలా గెంతుతుంది. గుడివాడ చుట్టూ, ఉత్తరాన కొల్లేటి దాకా, చేపల చెరువులు. చేపల లారీల నుంచి కారిన నీళ్ళు మలుపుల్లో జారుడుగా వుంటాయి. "లారీ వెనక వెళ్ళకు, నీళ్ళ గీత మీద బ్రేకు వేయకు" అన్నది మా వాళ్ళ మొదటి పాఠం.

గుడ్లవల్లేరు దగ్గర తెల్లవారింది. మంచు పైకి లేస్తుంటే కింద పొలాలు ఒక్కొక్క మడే బయటపడ్డాయి. కొన్ని చోట్ల వరి కుప్పలు, కొన్ని చోట్ల కోసిన మోళ్ళ మధ్య లేత మినుము. వరి నిలబడి వుండగానే, కోతకు మూడు నాలుగు రోజుల ముందు, ఆ తడిలోనే మినుములు చల్లుతారు. దుక్కి లేదు, నీరు లేదు. రాత్రి మంచుతో, నేలలో మిగిలిన తేమతో పంట చేతికొస్తుంది. చలికాలాన్ని మేము షికారుకు వాడుకుంటే రైతు యీ విధంగా వాడుకుంటాడు.

గుడివాడలో ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా. దీని గురించి ఎక్కువ రాయను, చదువరులకు ఆకలి వేస్తుంది. మేష్టారు మాత్రం తింటూ తింటూ మాకొక లెక్క వేశారు. నిమ్మకూరులో నందమూరి తారక రామారావు, గుడివాడ దగ్గర రామాపురంలో అక్కినేని నాగేశ్వరరావు, చౌటపల్లిలో ఘంటసాల వెంకటేశ్వరరావు. ముగ్గురూ రెండు మూడేళ్ళ తేడాలో, మోటారు సైకిలు మీద ఒక పూటలో చుట్టి రాగల మేరలో పుట్టారు. "ఇందులో నీటి మహిమ ఎంత, గాలి మహిమ ఎంత?" అని ప్రశ్న. "పెసరట్టు మహిమ," అన్నాడు మెకానిక్కు మూడోది తెప్పించుకుంటూ.

పామర్రు దాకా పెద్దరోడ్డు, పెద్ద తొందర. అక్కడ చల్లపల్లి దారి పట్టాక మళ్ళీ ప్రాణం కుదుటపడింది. కూచిపూడి మీదుగా పోయేటప్పుడు ఏదో ఇంట్లోంచి తాళం వేస్తున్న చప్పుడు వినిపిస్తే ఇంజన్లు ఆపి కాసేపు నిలబడ్డాం. పక్కనే మొవ్వ, క్షేత్రయ్య పదాల్లోని మువ్వ గోపాలుడి ఊరు. కొంచెం లోపలికి పోతే ఘంటసాల, రెండువేల ఏళ్ళనాటి బౌద్ధ స్తూపం. టాలెమీ చెప్పిన కొంటకొస్సిల రేవు ఇదేనని పండితులంటారు. ఇరవై కిలోమీటర్ల లోపల ఇన్ని వున్నాయి. ఆగిన చోటల్లా పూట గడిచిపోతుంది గనుక ఆగకుండా సాగాం.

ఆ రోడ్డు మీదే నేను పడ్డాను.

మలుపు తిరిగేసరికి రోడ్డు సగం వెడల్పున బంగారు రంగు పరుపు పరిచినట్టు ధాన్యం. అంచున వరసగా రాళ్ళు, తాటిమట్టలు. ముందు పోయినవాళ్ళంతా చేయి ఊపి హెచ్చరిక చేస్తూ కుడికి తప్పుకున్నారు. నేను కొంగలను చూస్తున్నాను. ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. ఎడమకు కోసి బ్రేకు వేశాను. గోళీల మీద బండి నడిపినవాడికే తెలుస్తుంది ధాన్యం మీద బ్రేకు వేయడమంటే ఏమిటో. ముందు చక్రం పక్కకు పోయింది, బండి ఒకవైపు, నేను ఒకవైపు, మధ్యలో అర బస్తా ధాన్యం గాలిలో.

ధాన్యంలో కాళ్ళతో చాళ్ళు తీస్తున్న ఒక ముసలమ్మ పరుగెత్తుకొచ్చింది. ముందు నా తల పట్టుకుని చూసింది. హెల్మెట్టు వుండబట్టి తలకేమీ కాలేదు, మోచెయ్యి మాత్రం గీసుకుపోయింది. తలకేమీ కాలేదని తెలిశాక తిట్టడం మొదలుపెట్టింది. "కళ్ళు కనపడవా నాయనా! ఇంత పొడుగు వడ్లు కనపడకపోతే ఇంకేం కనపడతాయి నీకు?"

డాక్టరు గారు వెనక్కు వచ్చారు. ఆయనకు కోపం వచ్చింది. "రోడ్డు బండ్ల కోసమా, వడ్ల కోసమా? రాత్రిళ్ళు బరకాలు కప్పి రాళ్ళు పెట్టి వదిలేస్తారు. చీకట్లో కనపడక గుద్దుకుని వచ్చినవాళ్ళకు కుట్లు వేసేది నేను," అన్నారు. ఆ మాటా నిజమే.

ముసలమ్మ కొడుకు పార పట్టుకుని దగ్గరకు వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. అతను పార కింద ఆన్చి మెల్లగా చెప్పాడు. "మాకు మాత్రం రోడ్డు మీద కాపలా పడుకోవడం సరదానాండీ? చేత్తో కోసి కుప్ప వేస్తే గింజ కుప్పలోనే ఆరేది. కూలీలు దొరక్క మిషను పెట్టాం. మిషను గింజ పచ్చిగా వస్తుంది. తేమ పదిహేడు శాతం దాటితే మద్దతు ధరకు తీసుకోరు. ఆరబెట్టడానికి కళ్ళం ఏదీ? ఊళ్ళో కళ్ళాలన్నీ ఇళ్ళ స్థలాలయ్యాయి. యీ రోడ్డొక్కటే మాకు మిగిలిన కళ్ళం."

డాక్టరు గారు వెంటనే ఏమీ అనలేదు. కొంచెంసేపాగి, "రాళ్ళు తీసెయ్యి బాబూ. రాత్రి మెరిసే రిబ్బనేదైనా కట్టు. నేనిస్తాను," అన్నారు. "ఇస్తే కడతామండీ," అన్నాడతను. ఒప్పందం అంతటితో ముగిసింది. ఎవరూ ఎవర్నీ క్షమాపణ అడగలేదు. పదకొండు మందిమీ వంగి, రోడ్డు పక్క గడ్డిలోకి చిందిన వడ్లను దోసిళ్ళతో ఎత్తి పోశాం. అరగంట పట్టింది. మెకానిక్కు ఆ లోపల వంగిన నా బ్రేకు పెడలును రాయి మీద పెట్టి కొట్టి సరిచేశాడు. ముసలమ్మ నా మోచేతికి పసుపు పెట్టబోతే డాక్టరు గారు అడ్డం వచ్చి, తన సంచీలోంచి ఏదో మందు తీసి రాశారు. పసుపే తక్కువ మండేది.

మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడికి దండం పెట్టుకుని పులిగడ్డ చేరాం. కృష్ణ ఇక్కడ రెండు పాయలుగా చీలి దివిసీమను చుట్టుకుంటుంది. ఒక పాయ మీదుగా అక్విడెక్టు. కింద నది, పైన కాలువ. నదిని దాటి వెళ్ళే ఆ కాలువ నీళ్ళే దివి పొలాలకు ప్రాణం. ఇక్కడ పెద్దాయన తన బండిని వరసలో ముందుకు తెచ్చాడు. ఏటా అంతే. పులిగడ్డ దాటాక ముందు ఆయన, వెనక మేము.

అవనిగడ్డలో ఉప్పెన స్మారకం దగ్గర అందరం ఆగాం. 1977 నవంబరు 19, శనివారం. ఆ రోజు దివిసీమ మీదికి అయిదారు మీటర్ల ఎత్తున సముద్రం లేచి వచ్చింది. లెక్కకు అందినవాళ్ళే పదివేల మంది దాకా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీరపు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. తాటిచెట్లు పట్టుకున్నవాళ్ళు కొందరు బతికారు. ఆ తర్వాత శవాలను వెతికి దహనం చేయించడం దగ్గర్నుంచి ఊళ్ళు తిరిగి కట్టడం దాకా మండలి వెంకట కృష్ణారావుగారు పడిన శ్రమను దివి జనం యీనాటికీ చెప్పుకుంటారు. బందరుకు యీ దెబ్బ కొత్త కాదు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో ఆ చుట్టుపట్ల దాదాపు 30,000 మంది పోయారు. కాని పుస్తకంలో చదివిన అంకె వేరు, పక్కన నిలబడ్డ మనిషి వేరు.

పెద్దాయనకు అప్పుడు ఇరవై ఒకటో ఏడు. ఆయన అక్కను కోడూరు అవతల ఒక ఊరికిచ్చారు. ఉప్పెన కబురు విని, వాళ్ళ నాన్న బుల్లెట్టు తీసుకుని బందరు నుంచి బయలుదేరాడట. వెనక ఒక బియ్యం మూట, ఒక బిందె మంచినీళ్ళు. "సగం దూరం బండి నన్ను మోసింది, సగం దూరం నేను బండిని మోశాను," అంటాడు. రోడ్డు నిండా పడిన చెట్లు, పశువుల కళేబరాలు. నాలుగో రోజున అవనిగడ్డలో ఒక బడి వరండాలో అక్క కనిపించింది. బావ కూడా బతికాడు. చంటిపిల్ల దక్కలేదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన బండి మీద దుమ్ము తుడవడం మొదలుపెడతాడు. ప్రతి ఏడూ చెబుతాడు, ప్రతి ఏడూ దుమ్ము తుడుస్తాడు.

ఆ అక్కగారు ఇప్పటికీ ఆ ఊళ్ళోనే వున్నారు. ఆ నేల వదిలి రమ్మంటే రాలేదు. మాకు యీ ప్రయాణం షికారు. ఆయనకు అక్కను చూడబోవడం. యీ సంగతి నాకు నిరుటిదాకా తెలియదు. బందరు తొక్కుడు లడ్డూ డబ్బా ఒకటి ఆయన బండికి ఎందుకు వేలాడుతూ వుంటుందో ఎప్పుడూ అడగలేదు.

కోడూరు దాటాక రోడ్డు సన్నబడింది. రొయ్యల చెరువులు, సరుగుడు తోటలు, ఎండిన తాళ్ళు. గాలిలో ఉప్పు వాసన. ఊళ్ళోకి పోతుంటే ఎత్తైన స్తంభాల మీద కట్టిన తుపాను భవనం కనిపించింది. ఇంటి ముందు అరుగు మీద అక్కగారు కూర్చుని వున్నారు. ఎనభై ఏళ్ళ మనిషి, చూపు కొంచెం మందం. బండి చప్పుడు విని, "ఒరేయ్, యీసారి ఇంత ఆలస్యమేంరా?" అన్నారు. ఆయన ఏదో సర్ది చెప్పబోయాడు. దిగుతుంటే కాలు తడబడింది. ఆవిడ అది చూశారు. చూపు మందమైనా అది మాత్రం చూశారు.

మాకందరికీ మజ్జిగ, అన్నం, గోంగూర, వేయించిన చేపలు. భోజనమయ్యాక ఆవిడ తమ్ముణ్ణి కూర్చోబెట్టి తీర్పు చెప్పారు. "వచ్చే ఏడాది నువ్వు బండి తోలుకుని రాకూడదు."

"నేను రాకపోతే నిన్ను చూసేదెవరే?"

"రావద్దన్నానా? తోలద్దన్నాను. ఎవరో ఒకరి వెనక కూర్చుని రా. నన్ను నువ్వు ఎక్కించుకు పోయావు గదా ఆనాడు, నేనేం సిగ్గుపడ్డానా?"

ఆయన తల వంచుకుని లడ్డూ డబ్బా మూత తీస్తూ కూర్చున్నాడు. మేము లేచి హంసలదీవి వైపు నడిచాం. అలాంటి మాటల దగ్గర ఊళ్ళోవాళ్ళమైనా పరాయివాళ్ళమే.

హంసలదీవిలో వేణుగోపాలస్వామి. ఇక్కడ కృష్ణలో మునిగిన కాకి హంస అయిందని స్థల పురాణం. ఆలయం దాటి పాలకాయతిప్ప వైపు పోతే మడ అడవి, ఆ తర్వాత ఇసుక, ఆ తర్వాత సాగర సంగమం. మహాబలేశ్వరం కొండల్లో పుట్టి 1,400 కిలోమీటర్లు నడిచి వచ్చిన నది ఇక్కడ చప్పుడు లేకుండా సముద్రంలో కలుస్తుంది. యీ మడ అడవుల్లో బావురుపిల్లి వుంటుంది. రాత్రిపూట నీళ్ళలోకి దూకి చేపలు పడుతుందట. పగటిపూట అది మాకు కనిపించలేదు. కనిపించినట్టు చెప్పిన కుర్రాణ్ణి ఎవరూ నమ్మలేదు. ఇసుకలో బుల్లెట్టు దింపుతానని పందెం వేసిన ఇంకో కుర్రాడి బండి సగం చక్రం దాకా కూరుకుపోయింది. లాగడానికి ఆరుగురం కావలసి వచ్చింది. మడ అడవి అభయారణ్యమనీ, బండ్లు దింపకూడదనీ మేష్టారు అతనికి గట్టిగా చెప్పారు, అదీ లాగిన తర్వాతే.

తిరిగి వచ్చేసరికి పెద్దాయన వీధిలో బండి పక్కన నిలబడి వున్నాడు. తాళంచెవి బ్యాంకు అమ్మాయి చేతిలో పెట్టాడు. "లేపడం వచ్చింది గదా, తోలడం కూడా నేర్చుకో," అన్నాడు. ఆమె బండిని ఒక కుర్రాడికి అప్పగించాం.

నేర్చుకోవడం అంత తేలిక కాదు సుమండీ. ఆ పాత బండికి గేరు కుడి పాదం కింద, బ్రేకు ఎడమ పాదం కింద. మొదటి గేరు పైకి, తక్కిన మూడూ కిందికి. కొత్త బండ్లు నడిపిన కాలు ఆపాలనుకుని కుడివైపు తొక్కుతుంది. బండి ఆగడానికి బదులు గేరు మారుతుంది. ఊరు దాటేలోపల ఆమె రెండుసార్లు ఆపేసింది, ఒకసారి గడ్డివాము దాకా పోయి ఆగింది. వెనక కూర్చున్న పెద్దాయన, "ఎడమ కాలమ్మా, ఎడమ కాలు!" అని అరుస్తూనే వున్నాడు. అవనిగడ్డ వచ్చేసరికి అరుపులు తగ్గాయి. పులిగడ్డ దగ్గర ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నది వైపు చూస్తూ కూర్చున్నాడు. అన్నేళ్ళుగా యీ దారిన వస్తున్నా బండి తోలేవాడికి నదిని చూసే వీలెక్కడిది?

చల్లపల్లి మీదుగా బందరు రోడ్డు పట్టాం. ఎండ ఎర్రబడింది. ముందు బుల్లెట్టు కాబట్టి ఎవరూ దాన్ని దాటలేదు. అది నలభై దాటలేదు. మొదటిసారిగా నా వంద సీసీల బండి అందరితో సమానంగా నడిచింది. రోడ్ల మీద ధాన్యాన్ని కుప్పలు చేసి బరకాలు కప్పుతున్నారు. ఒకచోట ఎవరో రాళ్ళకు సున్నం కొట్టివుంచారు.

కోనేరు సెంటరు చేరేసరికి ఏడున్నర. పొద్దుటి టీ కొట్టాయనే, "ఎంతమంది వెళ్ళారు, ఎంతమంది వచ్చారు?" అని లెక్కపెట్టుకున్నాడు. అక్కగారు పెద్దాయన బండికి కట్టించిన మూట అక్కడే విప్పాం. తేగలు. ఉడకబెట్టి, కట్టలు కట్టి పంపారు. చలికాలంలో దివి తేగలకు సాటి లేదు. టీ కొట్టాయనతో కలిపి పన్నెండు వాటాలు వేశాం. నా వాటాకు నాలుగు వచ్చాయి. అందులో ఒకటి పుచ్చు.